ఈరీ కాలువ మీద ఉత్తరం, దక్షిణం

నోవైలో చలికాలం

"కారు నడపొద్దన్నరు గాని, పడవ నడపొద్దని ఎవ్వరు చెప్పలే గదా!"

మా ఆయన రాజేశం ఈ మాట అన్నది ఫిబ్రవరిలో, నోవైలో మా డ్రైవ్‌వే మీద మంచు మోకాళ్ల దాకా పేరుకున్న ఒక మధ్యాహ్నం. అంతకు కొన్ని వారాల ముందే డాక్టర్ ఆయన్ని కారు నడపడం మానేయమన్నారు. కుడి చేతికి వణుకు. చేయి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువగా వణుకుతుంది, కాలు కూడా అప్పుడప్పుడు చెప్పిన మాట వినదు. ఆ జబ్బుకో పెద్ద పేరుంది. మా ఇంట్లో ఎవరం ఆ పేరు పలకం, 'అది' అంటాం.

ఇందులో విడ్డూరమేమిటంటే, పాతికేళ్లకు పైగా ఆయన చేసిన ఉద్యోగం కార్ల స్టీరింగ్‌లు డిజైన్ చేయడం. అలాంటి మనిషి చేతుల్లోంచి స్టీరింగ్ తీసేశారు. మిషిగన్‌లో కారు లేని మనిషికి కాళ్లు లేనట్టే లెక్క, కొత్తిమీర కట్టకైనా ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. నేను నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని, కుడి చేతిని కోటు జేబులో దాచుకుని, "లెఫ్ట్ లేన్‌ల ఉండు, బ్రేక్ కొట్టు" అంటూ ఉండేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆ తర్వాత ఆయన మొహం చూసి లెఫ్ట్ లేన్‌లోకే మారేదాన్ని.

ఆ రోజు కంప్యూటర్‌లో ఒక సన్నపాటి పొడుగు పడవ చూపించాడు. న్యూయార్క్ రాష్ట్రంలో ఈరీ కాలువ మీద అద్దెకిస్తారట. కాలువ వెంట తూర్పుగా పోతూ, లాకులు దిగుకుంటూ వెళ్తే చివరికి హడ్సన్ నది వస్తుంది. నాది గోదావరి డెల్టా. లాకులంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు ధవళేశ్వరంలో మా పిన్ని వాళ్లింటికి వెళ్తే, అన్నానికి పిలిచినా రాకుండా లాకుల దగ్గరే ఉండేదాన్ని. ముందో తలుపు, వెనకో తలుపు, మధ్యలో పడవ. నీళ్లు వదిలితే పడవ దిగుతుంది, నింపితే లేస్తుంది. కరీంనగర్ మనిషికి ఇదంతా పెళ్లయిన కొత్తలో చెబితే, "లాకేంది? నీళ్లకు తాళమేస్తరా? చెవి ఎవని దగ్గరుంటది?" అని నన్ను ఏడిపించాడు.

ఇప్పుడు మాత్రం ఏడిపించలేదు. "సత్యా, ఒక్కటే కోరిక. కాలువలకెళ్లి పెద్ద నదిలకు పడవను నా చేత్తోటి దించాలె. దాని తర్వాత నువ్వు యేడ కూసోమంటే ఆడ కూసుంట" అన్నాడు. డాక్టర్‌ని అడిగాం. ఆయన నవ్వి, తోడు లేకుండా వద్దు, నడక వేగం దాటొద్దు అన్నారు.

ఇలియన్ దగ్గర పడవ ఎక్కాం

వెళ్లింది సెప్టెంబరులో. పడవ యజమాని పేరు మార్లీన్. డెబ్బై దాటిన మనిషి, జీన్స్ ప్యాంటు మోకాళ్ల దగ్గర గ్రీజు మరకలు, మాట మాటకీ 'హనీ'. ఆమె పడవ పొడుగ్గా, సన్నగా, రైల్లో ఒక పెట్టె విడగొట్టి నీళ్ల మీద పెట్టినట్టుంది. రెండు చేతులు చాస్తే అటు గోడ, ఇటు గోడ అందుతాయి. అందులోనే మంచం, పొయ్యి, స్నానాల గది, పుస్తకాల అర. మా పెళ్లయిన కొత్తలో డెట్రాయిట్‌లో అద్దెకున్న అపార్ట్‌మెంట్ కన్నా ఇందులోనే సామాను పెట్టుకోను చోటెక్కువ.

రాజేశం ఏమీ దాచలేదు. చేతిని జేబులోంచి తీసి మార్లీన్ ముందు పెట్టాడు. అది వణుకుతూనే ఉంది. ఎవరికైనా తనంతట తాను చూపించడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆమె ఆ చేతిని చూసింది, అయ్యో అనలేదు, పడవ వెనకనున్న టిల్లర్ పట్టుకోమంది. టిల్లరంటే మన చుక్కానిని తిప్పే పొడుగాటి కర్ర. పట్టుకున్నాడు. పని దొరికేసరికి చేతిలో వణుకు తగ్గింది. నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

టిల్లర్‌తో ఒక తిరకాసుంది. దాన్ని ఎడమకు తోస్తే పడవ కుడికి పోతుంది, కుడికి తోస్తే ఎడమకు. "మా ఆయనా అంతే, అటు పొమ్మంటే ఇటు వస్తాడు" అని మార్లీన్‌తో అంటే పకపకా నవ్వింది. తర్వాత షరతు చెప్పింది. "వాటర్‌ఫర్డ్‌లో నేను వచ్చి ఎక్కుతాను. అక్కడ వరసగా ఐదు లాకులు, వాటి కింద నది. మీరు నడిపే తీరు నాకు నచ్చితే నదిలోకి మీరే దించండి. నచ్చకపోతే నేను పట్టుకుంటాను. నది కాలువ లాంటిది కాదు, హనీ." రాజేశం ఇంటర్వ్యూకి పిలుపొచ్చిన కుర్రాడిలా తలూపాడు.

లిటిల్ ఫాల్స్

మా వేగం ఎంతంటే, గట్టు మీద జాగింగ్ చేసేవాళ్లు మమ్మల్ని దాటిపోతూ చేతులూపారు. ఒక ముసలాయన తన కుక్కతో సహా దాటిపోయాడు. పాతికేళ్లు ఫ్రీవేల మీద ఎనభై కొట్టిన మనిషి దీనికి చిరాకు పడతాడనుకున్నాను. పడలేదు. గట్ల నిండా పసుపుపచ్చ పూలు, అక్కడక్కడా ఎరుపెక్కుతున్న మేపుల్ చెట్లు, నీళ్లలో ఒంటికాలి మీద కొంగ. "సత్యా, ఈ కొంగ మన దిక్కే చూస్తున్నది" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన నోట ఒక పక్షి గురించి విన్నది అదే.

లిటిల్ ఫాల్స్ లాకు చూస్తే గుండె ఆగినంత పనైంది. మూడు నాలుగంతస్తుల లోతు. పడవ లోపలికి వెళ్లాక పై నుంచి వేలాడే తాళ్లు పట్టుకుని నిలబడాలి, కట్టేయకూడదు. కడితే నీళ్లు దిగిపోతాయి, పడవ గోడకు వేలాడుతుంది. నీళ్లు తగ్గే కొద్దీ గోడలు నాచుతో నల్లగా పైకి లేస్తున్నాయి. చివర్లో ముందు తలుపు పక్కకు తెరుచుకోలేదు, పైకి లేచింది. దాని కింద నుంచి వెళ్లాలి. నీళ్లు నెత్తి మీద ధారగా పడ్డాయి. పొద్దున్నే తలంటుకున్నాను, మళ్లీ తలంటు అయింది.

లాకు నడిపే ఆయన పై నుంచి తొంగి చూసి ఎక్కడి వాళ్లమని అడిగాడు. మా ఊళ్లోనూ ఇవి ఉన్నాయనీ, మా భాషలోనూ వీటిని లాకులనే అంటామనీ చెప్పాను. "అదే మాటా?" అని రెండుసార్లు అడిగాడు. అదే మాట, మీ మాటకు మా బహువచనం తగిలించాం అన్నాను.

ఫోర్ట్ ప్లెయిన్

ఇక్కడ రేవులో కట్టేసుకుని రాత్రి పడుకున్నాం. పొద్దున పప్పుకి కుక్కర్ పెట్టాను. రెండో కూతకి పక్క పడవలోని పెద్దమనిషి నైట్ ప్యాంటు మీదే పరుగెత్తుకొచ్చి, "అందరూ బయటికి రండి, ఏదో పేలబోతోంది" అని కేకలు! మూడో కూత ఆయన ఎదురుగానే వచ్చింది. పప్పు అని నచ్చజెప్పి, ప్లేట్లో అన్నం, పప్పు, నెయ్యి పెట్టి ఇచ్చాను. తిని, "ఇంత మెత్తని దానికి అంత అరుపు ఎందుకు?" అన్నాడు.

రేవు నుంచి కాస్త ముందుకు నడిస్తే రోడ్డు పక్కన బల్ల మీద మొక్కజొన్న పొత్తులు, పక్కన రేకు డబ్బా. అమ్మేవాళ్లు లేరు. డజను ఆరు డాలర్లని అట్ట మీద రాసుంది, డబ్బు డబ్బాలో వేసి తీసుకెళ్లాలి. రాజేశం చుట్టూ చూసి, "మన తాన అయితే ముందుగాల డబ్బా పోతది" అన్నాడు. పొత్తులు కాల్చి నిమ్మకాయ, ఉప్పూ కారం రాశాను. అయితే ఈ దేశపు పొత్తులు పంచదార పాకంలా ఉంటాయి, గింజ పంటికింద గట్టిగా తగలదు. ఆ ఒక్క విషయంలో నేను రాజీ పడలేను.

స్కెనెక్టడి

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. పడవ పొడుగు కాబట్టి వెనక నిలబడ్డ మనిషికి ముక్కు ముందు ఏముందో కనబడదు. అందుకని నేను ముందు మొన మీద కూర్చునేదాన్ని. ఇంజన్ చప్పుడులో నా మాట వినబడాలంటే ఆయన వైపు తిరిగి అరవాలి. మధ్య మధ్యలో మెడ తిప్పి ముందు చూసి, మళ్లీ ఆయన వైపు తిరిగి "కుడికి! కుడికి!" అని చేయి ఊపేదాన్ని. పడవ నేను అనుకున్న వైపే చక్కగా వెళ్లేది. ముప్పై ఏళ్ల కాపురంలో నేను చెప్పింది చెప్పినట్టు జరగడం అదే మొదలు.

స్కెనెక్టడి రేవు దగ్గర అలాగే అరుస్తుంటే గట్టు మీద నుంచి ఒక అమ్మాయి గొంతు. "ఆంటీ! మీరు తెలుగా?" భీమవరం అమ్మాయి లాస్య, ఖమ్మం అబ్బాయి ప్రణీత్. ఇద్దరూ దగ్గర్లోనే మాస్టర్స్ చేస్తున్నారు, ఆదివారమని కాలువ చూడటానికి వచ్చారట. తాడు అందుకుని కట్టారు. ఊరక రారు మహానుభావులని, లోపలికి పిలిచి పప్పు, ఆవకాయ పెట్టాను. కుర్రవాడు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. చదువయ్యాక పనిచేయడానికి ఓపీటీ పర్మిట్‌కి అప్లై చేశాం ఆంటీ, జాబ్స్ అసలు లేవు అని ఇద్దరూ కష్టాలు చెప్పుకున్నారు. మా ఆయన వాళ్ల రెజ్యూమెలు పంపించమన్నాడు. వీడ్కోలు చెబుతూ ప్రణీత్ నవ్వాపుకోలేక అన్నాడు.

"అంకుల్, ఒక్క మాట చెప్తా, ఏమనుకోకండి. ఆంటీ వెనక్కి తిరిగి కూర్చున్నరు కదా. ఆంటీ కుడి అంటే మీకు ఎడమ. మీరేమో కుడి అనంగనే టిల్లర్‌ని కుడికి తోస్తున్నరు, అప్పుడు బోట్ ఎడమకే పోతది. ఆంటీ చెప్పేది రాంగ్, మీరు తోసేది రాంగ్. రెండు రాంగ్‌లు కలిసి రైట్ అవుతున్నయి!"

"నీకెందుకురా, బానే పోతుంది కదా వాళ్ల బోటు" అని లాస్య వాడి వీపు మీద ఒకటేసింది. ఆ పిల్ల మాటే నిజం. కానీ మా ఇంట్లో ఉన్నది ఇంజనీరు.

గోడ

మర్నాడు సిస్టం సరిచేద్దామన్నాడు. నేను ఆయన కుడిని కుడి అనాలి. ఆయన దాన్ని తిరగేసి టిల్లర్ తోయాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నాను. వినలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

తర్వాతి లాకు దగ్గర గాలి పడవను గోడ వైపు నెట్టింది. నేను కుడి అనబోయి, నా కుడి వైపా ఆయన కుడి వైపా అని ఆగి, ఎడమ అన్నాను. ఆయన అటు తోసి, అనుమానం వచ్చి ఇటు తోశాడు. పడవ పోయి సిమెంటు గోడకు ధడేలున కొట్టుకుంది. లోపల గిన్నెలన్నీ కింద పడ్డాయి. ఆవకాయ సీసా పగిలి, నేల మీద పరిచిన మార్లీన్ రగ్గు ఎర్రబడిపోయింది. పడవకు పెద్ద దెబ్బేం తగల్లేదు, ఒక గీత పడిందంతే.

దెబ్బ తగిలింది ఆయనకు. టిల్లర్ వదిలేశాడు. వదలగానే చేయి వణకడం మొదలుపెట్టింది, ఇంతకు ముందెన్నడూ చూడనంతగా. దాన్ని రెండో చేత్తో పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు. లాకు మనిషి సాయం పట్టి పడవను గట్టుకు కట్టించాడు. "ఇగ చాలు సత్యా. మార్లీన్‌కు ఫోన్ చెయ్యి. ఆమెనే తీస్కపోతది" అన్నాడు. చెయ్యనన్నాను. ఎందుకన్నాడు. నేను రగ్గు బయటికి లాగాను. ఇద్దరం కలిసి కడిగాం.

సాయంత్రం మజ్జిగన్నంలోకి ఉప్పు కావాలన్నాడు. నేను గిన్నెలు తోముతూ వెనక్కి తిరగకుండానే, "ఉత్తరప్పక్క అరలో ఉందండి" అన్నాను. మా అమ్మ నుంచి వచ్చిన అలవాటు. మా వైపు వంటింట్లో కూడా కుడి ఎడమలుండవు. దక్షిణప్పక్క గిన్నె, తూర్పు గుమ్మం, కాస్త పడమరగా జరుగు అనే అంటాం. నోవైలోనూ అలాగే అంటాను, పిల్లలు ఫోన్‌లో కంపాస్ తీసి చూసుకునేవారు. రాజేశం అరలోంచి ఉప్పు తీసి, డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"నువ్వు ఎటు తిరిగి కూసున్నా ఉత్తరం ఉత్తరమే గదా?"

"మరి? నేను తిరిగానని ఉత్తరం కూడా తిరుగుతుందా?"

"గట్లయితే కుడి ఎడమలు పక్కకు వెట్టు. ఈ కాలువ తూర్పుకు పోతది. ఉత్తరం గట్టు, దక్షిణం గట్టు. గంతే."

ఆయన పెరిగిన పల్లెలోనూ దిక్కులతోనే మాట్లాడతారు. తూర్పు దిక్కు, పడమటి దిక్కు. అమెరికా వచ్చి లెఫ్ట్, రైట్ నేర్చుకున్నాం. మర్నాడు పొద్దున్నే ఎవరూ లేని చోట ప్రాక్టీసు చేశాం. నేను "ఉత్తరం!" అనేదాన్ని, పడవ ఉత్తరం గట్టుకు జరిగేది. "దక్షిణం!" అంటే దక్షిణం గట్టుకు. ఎవరూ ఏదీ తిరగేయక్కర్లేదు. మధ్యాహ్నానికి ఆయన ఈల వేస్తూ నడిపాడు, ఈల శ్రుతిలో లేదు గానీ నాకు పాటకచేరీ విన్నంత సంతోషంగా ఉంది.

వాటర్‌ఫర్డ్

మార్లీన్ చెప్పినట్టే వచ్చి ఎక్కింది. రగ్గు చూసింది, గీత చూసింది. రాజేశం జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె టిల్లర్ చేతికందేంత దూరంలో నిలబడింది.

వాటర్‌ఫర్డ్ దగ్గర ఐదు లాకులు కొండ మీద నుంచి మెట్లలా కిందికి దిగుతాయి. ఒకదాంట్లోంచి బయటికి రాగానే, సర్దుకునేలోపు ఇంకోటి. నేను మొన మీద నుంచి "ఉత్తరం! కాస్త ఉత్తరం! చాలు! ఇప్పుడు దక్షిణం!" అని గొంతు పోయేలా అరిచాను. రెండో లాకు తర్వాత మార్లీన్ ఏమిటా కేకలని అడిగిందట. ఆయన చెప్పాడు. ఆమె ఆలోచించి, "కింద నది దక్షిణానికి తిరుగుతుంది. అప్పుడేం అరుస్తుంది మీ ఆవిడ?" అంది.

అది మేమిద్దరం ఆలోచించనే లేదు. ఆఖరి లాకులో నీళ్లు దిగుతుండగా ఆయన వెనక నుంచి అరిచాడు. "సత్యా! నదిల వడ్డంక ఉత్తరం దక్షిణం బంద్. తూర్పు, పడమర!" సరే అన్నాను. ఆ రోజు ఆ పడవలో వణికింది నేనే.

హడ్సన్

తలుపులు తెరుచుకున్నాయి. కొంచెం దూరం వెళ్లేసరికి గట్లు రెండూ దూరంగా జరిగిపోయాయి. ఇన్నాళ్లూ చెట్ల నీడలో పోయిన కళ్లకు ఆ వెలుతురు పట్టలేదు. నీళ్ల రంగు మారింది, గాలి మారింది. ఉత్తరం నుంచి వచ్చే ప్రవాహం పడవ పక్క మీద తగిలి మొత్తం పడవను ఒక్కసారి పక్కకు నెట్టింది. మార్లీన్ చేయి టిల్లర్ మీదికి వచ్చింది.

పడవ మొన ఇంకా తూర్పుకే ఉంది. "దక్షిణం! దక్షిణం! దక్షిణం!" అని అరిచాను. ఆయన ఒళ్లంతా టిల్లర్ మీద ఆనించి తోశాడు. పడవ మెల్లగా, బరువుగా, అలిగిన పెద్దావిడలా మొహం తిప్పింది. తిరిగింది. ప్రవాహం వెనకకు వచ్చి మమ్మల్ని ముందుకు తోస్తోంది. "ఇప్పుడు తూర్పుకు కొంచెం!" అన్నాను. తూర్పుకు జరిగింది. చూస్తే మార్లీన్ ఆయన్ని వదిలేసి ముందుకు నడిచి వచ్చింది. నా పక్కనే కూర్చుని, "నేను ముందు చూస్తాను, నువ్వు నది చూడు, హనీ" అంది.

చాలాసేపు అలా నడిపాడు. నేను వెనక్కి తిరిగి ఆయన్నే చూశాను, నది తర్వాత చూసుకోవచ్చు. టోపీ వెనక్కి పోయింది, ఎండ మొహం మీద పడుతోంది. ఏదో కొత్త పాఠం అప్పజెప్పిన పిల్లాడిలా ఉన్నాడు.

తర్వాత నన్ను పిలిచాడు. ఏమైందోనని పడవ అంచు వెంట రెయిలింగు పట్టుకుని వెళ్లాను. "పట్టు" అన్నాడు టిల్లర్ చూపిస్తూ.

"అలసిపోయారా?"

"లేదు. అయింది."

"నాకు రాదండీ. ఇంత పెద్ద నది."

"నాకు మాత్రం వచ్చిందా? పట్టు, సత్యా."

ఎవరూ ఇవ్వమనలేదు. ఆయనంతట ఆయనే ఇచ్చాడు. నా చేతుల మీద తన చేతులు వేసి కొంచెంసేపు ఉంచి, మెల్లగా తీసేశాడు. తీసి లోపలికి వెళ్లాడు. అలిగాడేమో, బాధపడుతున్నాడేమో అని నా మనసు కీడే శంకించింది. టిల్లర్ వదిలి వెళ్లి చూడటానికి లేదు.

చాలాసేపటికి మెట్ల మీద పింగాణీ చప్పుడు వినబడింది. రెండు చేతులతో కప్పు పట్టుకుని వస్తున్నాడు. చేయి వణుకుతోంది, కప్పు సాసరులో టకటకమంటోంది, ప్రతి మెట్టు మీదా టీ చిందుతోంది. పరాయి మనిషి ముందు కప్పు పట్టుకోవడం ఆయన మానేసి ఎన్నో నెలలైంది. మార్లీన్ తిరిగి చూసింది. ఆయన ఆగలేదు, నా దాకా వచ్చాడు. కప్పులో సగమే మిగిలింది.

"సగం గంగమ్మ తాగింది" అన్నాడు. "మిగిలింది నీదే."

ఒక చేత్తో టిల్లర్, ఒక చేత్తో కప్పు పట్టుకుని ఒక గుక్క తాగాను. ఆయన నా మొహంలోకి చూస్తూ అడిగాడు. "చక్కెర సరిపోయిందా?"

అసలు చక్కెర వేయనే లేదు. సరిపోయిందన్నాను.